ప్రాణం మీదికొచ్చిన వేళ రసీదు అడగరాదు
(విదురాశ్వత్థ అమరుల స్మృతిలో చేసిన ఉపన్యాసం)



1938 ఏప్రిల్ 25న ఈ విదురాశ్వత్థం నేల మీద ఏం జరిగిందో మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. తాతల నోట విన్నారు, ఇక్కడి స్మారకం వీరసౌధంలో చూశారు. కాంగ్రెసు జెండా ఎగరేయకూడదన్న ఆజ్ఞను కాదని చుట్టుపక్కల పల్లెల జనం ఇక్కడ చేరారు. మైసూరు సంస్థానం పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్ళు పదిమంది దాకా అని సర్కారు లెక్క. పల్లెలు చెప్పుకునే లెక్క ముప్పై దాటుతుంది. గాంధీగారు సర్దార్ పటేల్‌ను, ఆచార్య కృపలానీని మైసూరుకు పంపారు. దివాన్ మీర్జా ఇస్మాయిల్ కాంగ్రెసుతో రాజీకి వచ్చాడు. కాల్పుల మీద వేసిన విచారణ కమిటీకి పెద్దగా కూర్చున్న వేపా రామేశం గారు తెలుగాయనే.

ఆ రోజుల్లో మైసూరు కాంగ్రెసు కోరింది ఒక్క జెండా హక్కే కాదు. బాధ్యతాయుత ప్రభుత్వం కావాలని కోరింది. ప్రజలు అడిగితే జవాబు చెప్పే ప్రభుత్వం, అడగకముందే తన పని తాను చేసే ప్రభుత్వం. 1947 అక్టోబరులో అది వచ్చింది. కోలారు జిల్లా క్యాసంబళ్ళిలో పుట్టిన కె.సి. రెడ్డి గారు మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. అలాంటి ప్రభుత్వం మనిషికి కనీసంగా ఏం బాకీ పడి ఉంటుంది? బడి, రోడ్డు, రేషను, ఇవన్నీ ఉన్నాయి. వాటన్నిటికంటే ముందు ఒకటుంది. ప్రాణం మీదికొచ్చి కేక వేస్తే రావాలి. ఆ రావడానికి ముందుగా ఫీజు కట్టి ఉండాలని, ఇష్టమైతే కట్టు లేకపోతే మానుకో అని, కట్టనివాడి సంగతి కట్టనివాడే చూసుకోవాలని షరతు పెట్టవచ్చునా? ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది దీని గురించే.

ఇది ఊహించి అల్లిన ప్రశ్న కాదు. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం ఓబియన్ కౌంటీలో 2010 సెప్టెంబరు 29న జరిగింది. ఆ కౌంటీకి సొంత అగ్నిమాపక దళం లేదు. పక్కనున్న సౌత్ ఫుల్టన్ అనే చిన్న పట్టణం, ఏడాదికి 75 డాలర్లు కట్టిన పల్లె ఇళ్ళకు తన ఫైరింజను పంపుతానంది. ఒక ఇంటివాళ్ళు ఆ ఏడు కట్టలేదు. చెత్త తగలబెడుతుంటే మంట ఇంటికి పాకింది. ఫోను చేశారు. మీ పేరు జాబితాలో లేదన్నారు. ఎంత అడిగితే అంత ఇస్తాం, రండి అని బతిమాలారు. రాలేదు. మంట పక్క పొలానికి అంటుకోబోతుందని తెలిశాక వచ్చారు, ఎందుకంటే పక్కవాడు ఫీజు కట్టాడు. వచ్చి ఆ పొలం గట్టును కాచారు. ఇల్లు కళ్ళముందే కాలి బూడిదైంది. మూడు కుక్కలు, ఒక పిల్లి లోపలే కాలిపోయాయి. 2011 డిసెంబరులో అక్కడే ఇంకొక ఇంటికి ఇదే గతి పట్టింది. ఆ తరువాతే నిబంధన మార్చి, ముందు మంట ఆర్పుదాం, కట్టనివాళ్ళ దగ్గర డబ్బు తరువాత వసూలు చేద్దాం అన్న దారికి వచ్చారు.

అదే 2010లో కాలిఫోర్నియాలో ట్రేసీ నగరం మరొక పద్ధతి పెట్టింది. వైద్యసాయానికి అత్యవసర నంబరు 911కు ఫోను చేసేవాళ్ళు, ఇష్టముంటే ఇంటికి ఏడాదికి 48 డాలర్లు కట్టవచ్చని, కట్టకపోతే వచ్చిన ప్రతిసారీ 300 డాలర్లు ఇవ్వాలని అంది. అక్కడ రాకపోవడమన్నది లేదు, వచ్చేవారు. అయినా నాకు ఇది కూడా సరికాదనే అనిపిస్తుంది. 300 డాలర్లు గుర్తుకొచ్చినవాడు ఫోను పట్టుకుని ఒక్క నిమిషం ఆలోచిస్తాడు. గుండెనొప్పో, గ్యాసు నొప్పో, ఇంకాసేపు చూద్దామా అనుకుంటాడు. ఆ ఇంకాసేపట్లోనే మనిషి పోతాడు. అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు ఆంబులెన్సు బిల్లుకు భయపడి, నొప్పితో ఉన్న స్నేహితుణ్ణి కారులోనే ఆసుపత్రికి తోలుకుపోతామని చెబుతుంటారు. ఆ పిల్లలు మన ఊళ్ళ నుంచి వెళ్ళినవాళ్ళే.

అమెరికా సంగతి మనకెందుకు అనవచ్చు. ఆ ఆలోచన మన గడప దగ్గరికి వచ్చేసింది కాబట్టి. బెంగళూరు, హైదరాబాదుల్లో ఏడాది సభ్యత్వం మీద ఆంబులెన్సు పంపే సంస్థలున్నాయి. దేవనహళ్ళి విమానాశ్రయం వచ్చాక ఇటు నంది కొండ దాకా పెరుగుతున్న గేటు కాలనీల్లో కాపలా, నీళ్ళు, లిఫ్టు అన్నీ నెలనెలా మెయింటెనెన్సు డబ్బుతోనే నడుస్తున్నాయి. డబ్బున్నవాడు తన రక్షణ తాను కొనుక్కోవడాన్ని నేను తప్పు పట్టను. నా భయం వేరు. అలా కొనుక్కోగలిగినవాళ్ళంతా పక్కకు తప్పుకుంటే, అందరికీ ఉన్న బండి పాడైనప్పుడు జిల్లాధికారి ఆఫీసు ముందు నిలబడి గట్టిగా అడిగే గొంతు ఎవరికి మిగులుతుంది?

ఐచ్ఛిక ఫీజు అన్నాక కట్టనివాళ్ళు ఉండనే ఉంటారు. వాళ్ళెవరో ఒకసారి చూడండి. చేతిలో డబ్బు లేనివాళ్ళు కొందరు. గడువు మరచిపోయినవాళ్ళు కొందరు. మనకేమవుతుందిలే అనుకున్నవాళ్ళు కొందరు. వీళ్ళ విషయంలోనైనా, వాళ్ళ తప్పు వాళ్ళదే అని వాదించవచ్చు. కానీ జాబితాలో పేరు ఉండటానికే వీల్లేనివాళ్ళున్నారు. ఇంటి యజమాని కట్టలేదు, అద్దెకున్నవాళ్ళ బిడ్డ పాము కాటుకు గురైంది. బీహారు నుంచో ఒడిశా నుంచో వచ్చి షెడ్డు కడుతున్న కూలీ పైనుంచి పడ్డాడు. సంతానం కోసం నాగప్రతిష్ఠ చేయించడానికి మన విదురాశ్వత్థానికి బెంగళూరు నుంచి, అనంతపురం నుంచి దంపతులు వస్తారు. జాతర నాడు వేలమంది చేరతారు. వీళ్ళలో ఏ ఊరి కాపురస్తుడు ఎవరు? 2023 అక్టోబరు 26 తెల్లవారుజామున చిక్కబళ్ళాపురం దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద, పొగమంచులో ఆగి ఉన్న ట్యాంకరును ఒక సుమో గుద్దింది. 13 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది ఆంధ్ర వైపు పల్లెల నుంచి బెంగళూరుకు బయలుదేరినవాళ్ళు. ఆ రోడ్డు మీద పరుగెత్తిన సిబ్బంది ఎవరి ఊరేదని అడిగి ఉంటే, మనం వాళ్ళను మనుషులని పిలవగలిగేవాళ్ళం కాదు.

ఇంకొక సంగతి ఉంది. లెక్కలు వేసేవాళ్ళు కూడా దీన్ని తరచు మరచిపోతారు. అగ్నిమాపక కేంద్రానికి అయ్యే ఖర్చులో ఎక్కువ భాగం మంట ఆర్పడానికి కాదు, మంట లేని రోజుల్లో సిద్ధంగా ఉండటానికి. బండి నిలబడి ఉండాలి, ట్యాంకులో నీళ్ళుండాలి, రాత్రి రెండు గంటలకు ఫోను ఎత్తడానికి ఒకడు మెలకువగా ఉండాలి. ఆంబులెన్సు అయినా అంతే. పిలిచినా పిలవకపోయినా ఆ జీతం, ఆ డీజిలు, ఆ ఆక్సిజను ఖర్చు ఖర్చే. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అని మన పెద్దలు ఊరికే అనలేదు. బావి ముందే తవ్వి ఉండాలి, దానికి ఊరంతా ముందే చెయ్యి వేసి ఉండాలి. ఎంతమంది కడతారో ఏటేటా తెలియని ఐచ్ఛిక ఫీజు మీద ఆ సంసిద్ధత నిలవదు. ఈ ఏడు వెయ్యిమంది కడితే బండి ఉంటుంది, వచ్చే ఏడు కరువొచ్చి మూడు వందల మందే కడితే బండి పోతుంది. మన తాలూకాల్లో వానలు ఎలా పడతాయో మీకు తెలుసు. కరువులో అన్నిటికంటే ముందు ఆగేది, కట్టకపోయినా ఎవరూ అడగని కంతే.

ఇంగ్లండు ఈ పాఠం ఎప్పుడో నేర్చుకుంది. 1666లో లండన్ తగలబడ్డాక బీమా కంపెనీలు పుట్టాయి. తమ దగ్గర పాలసీ ఉన్న ఇంటి గోడకు ఒక లోహపు బిళ్ళ కొట్టేవి, సొంతంగా మంటలార్పే మనుషుల్ని పెట్టుకునేవి. బిళ్ళ లేని ఇంటిని కాలనిచ్చేవారని ఒక కథ ప్రచారంలో ఉంది. అది చాలావరకు కల్పన అని చరిత్రకారులు తేల్చారు. మంటకు బిళ్ళ ఉన్న ఇల్లేదో లేని ఇల్లేదో తెలియదు గనక ఎవరి ఇల్లయినా ఆర్పేవారట. 1833లో ఆ కంపెనీల్లో చాలావరకు కలిసి ఒకే దళం పెట్టుకున్నాయి. 1861లో టూలీ వీధిలో గోదాములు అంటుకుని నష్టం చేయి దాటిపోయాక, ఇది మా వల్ల అయ్యే పని కాదు, సర్కారే చూసుకోవాలి అని ఆ కంపెనీలే చేతులెత్తేశాయి. 1865లో చట్టం వచ్చి, 1866 నుంచి లండన్‌కు ప్రభుత్వ అగ్నిమాపక దళం ఏర్పడింది. లాభం కోసం మొదలుపెట్టినవాళ్ళే వదిలేసిన పద్ధతిని ఇప్పుడు మనం కొత్త ఆలోచనగా ఎత్తుకోవడం ఎందుకు?

మన దగ్గరి అనుభవం ఇంతకంటే బలమైనది. 108 ఆంబులెన్సు కథ చెబుతాను. ఇక్కడున్న యువకులకు ఆ నంబరు పుట్టుకతో ఉన్నట్టే ఉంటుంది, కానీ అది లేని రోజులు నా వయసువాళ్ళందరికీ గుర్తే. నొప్పులు పడుతున్న ఆడమనిషిని మంచం మీద మోసుకుని రోడ్డు దాకా రావడం, పాల వ్యానునో ట్రాక్టరునో ఆపడం, జీపు వాడు ఎంత అడిగితే అంతకు ఒప్పుకోవడం. బేరం కుదరక దారిలో పోయిన ప్రాణాలున్నాయి. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైంది. సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు గారి కుటుంబం స్థాపించిన ఇ.ఎం.ఆర్.ఐ. దాన్ని నడిపింది. దాతల డబ్బుతో మొదలైన పనికి వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం చేయి కలిపింది, క్రమంగా నడిపే ఖర్చులో దాదాపు అంతా ఖజానా నుంచే రాసాగింది. పిలిచినవాడి దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. 2008 నవంబరు 1న, రాజ్యోత్సవం నాడు, కర్ణాటకలో ఆరోగ్య కవచ పేరుతో అదే బండి మన పల్లెల్లోకి వచ్చింది.

రెండు నెలలు తిరిగాయో లేదో, 2009 జనవరి 7న సత్యం లెక్కలన్నీ తప్పుడువని రామలింగరాజు గారే లేఖ రాశారు. కంపెనీ కూలింది. ఆయన జైలుకు పోయారు. ఆంబులెన్సులు మాత్రం ఆగలేదు. ఆగకపోవడానికి కారణం అప్పటికి ఆ ఖర్చు ఒక దాత జేబు మీదా, ఒక కంపెనీ దయ మీదా ఆధారపడి లేకపోవడమే. నడిపే బాధ్యత జీవీకే సంస్థకు మారింది, డబ్బు ప్రజలదే, బండి ప్రజలదే. దాతృత్వాన్ని నేను తక్కువ చేయను. ముద్దేనహళ్ళిలో డబ్బు తీసుకోకుండా వైద్యం చేసే ఆసుపత్రి ఉంది, దానికి చేతులెత్తి దండం పెడతాను. మన జిల్లాలో ఎందరో తమ వాళ్ళ పేరు మీద ఆంబులెన్సులు ఇస్తున్నారు, ఇవ్వాలి. అయితే దాత కొడుకు కూడా దాతే అవుతాడని హామీ ఏముంది? 108 నిలబడింది దానం దగ్గర మొదలై పన్ను దగ్గరికి చేరడం వల్ల.

ముంబయిలో 1298 అనే మరొక ప్రయోగం 2005లోనే జరిగింది. ప్రైవేటు ఆసుపత్రికి పోయేవాళ్ళ దగ్గర పూర్తి చార్జీ, సర్కారు ఆసుపత్రికి పోయేవాళ్ళ దగ్గర తక్కువ, ప్రమాదాల్లో దెబ్బతిన్నవాళ్ళకు ఉచితం. ఉన్నవాడి దగ్గర తీసి లేనివాడికి సర్దడం అక్కడ సూత్రం. ఐచ్ఛిక సభ్యత్వం కంటే ఇది ఎన్నో మెట్లు పైన ఉంది, ఎందుకంటే ముందు బండి కదిలింది, డబ్బు మాట వెనక వచ్చింది. పెద్ద నగరంలో అది సాధ్యం. ప్రైవేటు ఆసుపత్రికి పోయే రోగి లేని గుడిబండ పల్లెలో ఎవరి దగ్గర తీసి ఎవరికి సర్దుతారు?

ఉచితం అన్న మాట కాగితం మీదే మిగలకూడదు. ఒక రాత్రి మా బంధువును తీసుకుపోతుంటే బండిలో డీజిలుకేమన్నా ఇవ్వండి అన్న మాట నేనూ విన్నాను. ఆ బండి ఏదో, ఆ ఆసుపత్రి ఏదో నేను చెప్పను. ఆ మాట అన్న మనిషికి ఎన్ని నెలల జీతం రావలసి ఉందో నాకు తెలియదు. జీతాలు సకాలంలో అందలేదని ఈ రాష్ట్రంలో 108 సిబ్బంది ఒకటికి రెండుసార్లు సమ్మె నోటీసు ఇచ్చిన సంగతి అందరికీ తెలిసిందే. కాపాడేవాడి ఇంట్లో పొయ్యి వెలగకపోతే దొడ్డిదారిన ఫీజు మొదలవుతుంది. అది అన్నిటికంటే ఘోరమైన ఐచ్ఛిక ఫీజు, ఎందుకంటే దానికి ధర ఉండదు, రసీదు ఉండదు, ఇవ్వకపోతే ఏమవుతుందో అన్న భయం మాత్రం ఉంటుంది.

ఐచ్ఛిక ఫీజుకు ఒక మంచి ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది కదా అని మీలో కొందరు అడగవచ్చు. యశస్విని ఆరోగ్య పథకం. 2002లో ఎస్.ఎం. కృష్ణ గారు ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైంది, 2003 నుంచి వైద్యం అందింది. సహకార సంఘంలో సభ్యుడైన రైతు మనిషికి ఏడాదికి 60 రూపాయలు కడితే పెద్ద ఆపరేషన్లు కూడా జరిగేవి. పాలసంఘంలో పాలు పోసే ఎన్నో కుటుంబాలు దాని పుణ్యాన గుండె ఆపరేషన్లు చేయించుకున్నాయి. 2018లో దాన్ని ఆరోగ్య కర్ణాటక పథకంలో కలిపేశారు, మళ్ళీ విడిగా తెచ్చారు, ఇప్పుడు పల్లెల్లో నలుగురున్న కుటుంబానికి 500 రూపాయలు. యశస్విని గొప్ప పథకం, నేను దాని పక్షమే. కానీ అది ఆపరేషన్‌కు రోజు చూసుకుని పోయే వైద్యం. దానికి చేరే గడువు ఒకటుంటుంది, ఆ తేదీ దాటితే మరుసటి ఏడు దాకా ఆగాలి. మోకాలి నొప్పి ఆగగలదు. పురుగుల మందు తాగిన పిల్లవాడు ఆగలేడు. చేరే గడువు పెట్టగలిగిన వైద్యం వేరు, గడువే లేని ఆపద వేరు. యశస్విని విజయాన్ని చూపించి ఆంబులెన్సుకూ ఫైరింజనుకూ అదే పద్ధతి పెట్టండి అనేవాళ్ళు ఈ తేడాను గమనించాలి.

న్యాయస్థానాలు ఈ తేడాను గమనించాయి. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్న స్కూటరు మనిషిని, ఇది పోలీసు కేసు, మా దగ్గర చూడం అని ఒక ఆసుపత్రి దూరాన ఉన్న మరొక ఆసుపత్రికి పంపితే అతను దారిలో చనిపోయాడు. ఆ వార్త పట్టుకుని పరమానంద కటారా అనే ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1989లో తీర్పు వచ్చింది: ప్రాణం కాపాడటం ప్రతి వైద్యుడి బాధ్యత, కాగితాల పని తరువాత. 1996లో పశ్చిమ బెంగాల్ కేసులో, రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన మనిషిని కలకత్తాలో సర్కారు ఆసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి మంచం లేదని తిప్పి పంపితే, అది జీవించే హక్కును కాలరాయడమే అంది సుప్రీంకోర్టు. 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. డబ్బు లేదన్న సాకు ఇక్కడ చెల్లదని చెప్పింది. కర్ణాటక ప్రైవేటు ఆసుపత్రుల చట్టం కూడా అత్యవసర వైద్యానికి ముందస్తు డబ్బు అడగరాదంటుంది. 2016లో నెలమంగళ దగ్గర ప్రమాదంలో శరీరం రెండు ముక్కలైన హరీశ్ అనే యువకుడు, తన అవయవాలు ఎవరికైనా ఇవ్వండి అని చెప్పి ప్రాణం విడిచాడు. అతని పేరు మీద ఈ రాష్ట్రంలో సాంత్వన పథకం వచ్చింది, రోడ్డు ప్రమాదమైన మొదటి 48 గంటలకు 25,000 రూపాయల దాకా వైద్యం ఉచితం. ఏ రాష్ట్రం మనిషి అని అందులో అడగరు. 2025 మే నుంచి దేశమంతటా రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల దాకా నగదు లేని వైద్యం అమలులోకి వచ్చింది. గుద్దిన బండికి బీమా లేకపోయినా దెబ్బతిన్నవాడికి వైద్యం ఉంటుంది. చూడండి, చట్టం మెల్లగా నడిచినా సరైన దారిలోనే నడిచింది.

నిప్పు విషయంలో మాత్రం మనం వెనకబడే ఉన్నాం. 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకు ఇచ్చిన పనుల జాబితాలో, పన్నెండో షెడ్యూలులో, అగ్నిమాపక సేవ ఏడో అంశం. 73వ సవరణ పంచాయితీలకు ఇచ్చిన పదకొండో షెడ్యూలులో 29 అంశాలున్నాయి. చేపల పెంపకం ఉంది, గ్రంథాలయం ఉంది, సంత ఉంది. నిప్పు లేదు. పల్లెల్లో నిప్పు అంటుకోదని అనుకున్నారో ఏమో. మార్చి, ఏప్రిల్ నెలల్లో మన ఊళ్ళలో గడ్డివాములు ఎలా అంటుకుంటాయో మీకు తెలుసు. శిడ్లఘట్ట, చింతామణి వైపు పట్టుపురుగుల షెడ్డు ఒకటి కాలితే ఆ కుటుంబానికి ఏడాది కష్టం బూడిదే. తాలూకా కేంద్రం నుంచి ఇంజను వచ్చేసరికి చల్లార్చడానికి బూడిదే మిగులుతుంది. అగ్నిమాపక సేవల విస్తరణకు కేంద్రం 2023 జులైలో 5,000 కోట్ల రూపాయల పథకం మొదలుపెట్టింది. ఆ డబ్బులో కర్ణాటక, ఆంధ్ర గడి మీదున్న మన పల్లెల వాటా ఏమిటని అడగవలసింది మనమే.

ఇప్పుడు ఎదుటివాళ్ళ వాదంలో బలమైన మాటకు వస్తాను. కట్టనివాడికీ బండి వస్తే, కట్టినవాడు వచ్చే ఏడు ఎందుకు కడతాడు? నిజమే. సౌత్ ఫుల్టన్ వాళ్ళు కూడా ఈ మాటే అన్నారు, అందులో తర్కం ఉంది. ఐచ్ఛికం అన్నంతకాలం ఆ ప్రశ్నకు జవాబు లేదు. జవాబు ఒక్కటే, ఐచ్ఛికం అన్న మాటనే తీసేయడం. అందరి దగ్గరా వసూలు చేయాలి, ఉన్నవాడి దగ్గర ఎక్కువ, లేనివాడి దగ్గర ఏమీ లేదు. కట్టకపోతే కందాయం బకాయి వసూలు చేసినట్టే వసూలు చేయాలి, జప్తు దాకా వెళ్ళినా సరే. కానీ ఆ బకాయి పుస్తకం ఫోను ఎత్తేవాడి బల్ల మీద ఉండకూడదు. వసూలు చేసే ఆఫీసు వేరు, కాపాడే ఆఫీసు వేరు. ఈ రెంటి మధ్య గోడ ఉండాలి.

మన ఊళ్ళకు ఇది కొత్త కాదు. పన్నెండుగురు ఆయగాళ్ళ పద్ధతి మీ పెద్దలు చూసే ఉంటారు. చెరువు తూము తెరిచి మూసే నీరుగంటి, ఊరిని కాచే తలారి, వీళ్ళకు పంట కళ్ళం మీదికి వచ్చినప్పుడు ప్రతి కాపూ ఇంత మేర అని కొలిచేవాడు. ఈ ఏడు నా చేనుకు నీరుగంటి అవసరం పడలేదు, నేనివ్వను అనడానికి లేదు. చెరువుకట్ట తెగే రాత్రి మేర ఎవరిచ్చారో ఎవరివ్వలేదో చూసి మన్ను వేసిన నీరుగంటి లేడు. అయితే ఆ పద్ధతిలో ఉన్న అన్యాయాన్ని కూడా చెప్పకపోతే నేను సగం నిజమే చెప్పినట్టు. కట్ట మీద రాత్రంతా కావలి కాసిన నీరుగంటిని, ఊరి పనులు చేసే తోటిని ఊరి బయట ఉంచాం. వాళ్ళ గుడిసె అంటుకుంటే ఊరి బావి నీళ్ళు తోడుకోవడానికి వాళ్ళకు చోటు లేదు. అందరూ కట్టే పద్ధతి మనకు అప్పుడే ఉంది, అందరికీ దక్కే పద్ధతి లేదు. ఆ రెండోదాన్ని ఇచ్చింది రాజ్యాంగం. అందుకే పాత ఆయాన్ని అలాగే తిరిగి తెమ్మని నేను అనను, దాని వసూలు పద్ధతికి రాజ్యాంగం ఇచ్చిన సమానత్వాన్ని జోడించమంటాను.

అది ఎలా అంటే, మీ ఇంటి కందాయం రసీదు ఒకసారి తీసి చూడండి. పన్ను మీద గ్రంథాలయానికి 6 శాతం, భిక్షాటన నిర్మూలనకు 3 శాతం, ఆరోగ్యానికి 15 శాతం సెస్సు ఉంటుంది. పుస్తకాల కోసం అందరూ కట్టడం మనకు అలవాటే. దాని పక్కన ఆపద సెస్సు ఒకటి చేర్చితే ఆకాశం విరిగిపడదు. బీపీఎల్ కార్డున్న ఇంటికి వద్దు. రెండంతస్తులు దాటిన కట్టడానికి, కల్యాణ మంటపానికి, పెట్రోలు బంకుకు, గోదాముకు, క్వారీకి ఎక్కువ ఉండాలి. 2021 ఫిబ్రవరిలో మన జిల్లా హిరేనాగవల్లి దగ్గర క్వారీ జిలెటిన్ పేలి ఆరుగురు పోయారు. ఎక్కువ అపాయం తెచ్చే పని చేసేవాడు ఎక్కువ కట్టాలి. వసూలైన డబ్బు ఖజానా సముద్రంలో కలిసిపోకుండా విడి ఖాతాలో ఉండాలి, ప్రతి గ్రామసభలోనూ ఆ లెక్క చదివి వినిపించాలి. సెస్సు పేరుతో వసూలైన డబ్బు చేరవలసిన చోటికి చేరదన్న అనుమానం మీలో ఉంది. ఆ అనుమానం న్యాయమైనదే. దానికి మందు లెక్క అడగడం, కట్టడం మానేయడం కాదు.

చివరగా కర్ణాటక, ఆంధ్రల మధ్య గడి సంగతి. ఇక్కడి నుంచి హిందూపురం ఎంత దూరమో మీకు తెలుసు. గడి పల్లెల్లో సెల్‌ఫోను ఒక్కోసారి ఈ రాష్ట్రం టవరును, ఒక్కోసారి ఆ రాష్ట్రం టవరును పట్టుకుంటుంది. ఆపదలో ఉన్నవాడికి కావలసింది దగ్గరి బండి. అది బెంగళూరు లెక్కలో ఉన్నా, అమరావతి లెక్కలో ఉన్నా అతనికి ఒకటే. తెలుగు మాట్లాడే మనం ఈ కర్ణాటకలో తరతరాలుగా బతుకుతున్నాం, మన పెళ్ళిళ్ళు గడి దాటి జరుగుతున్నాయి, మన పొలాలు కొన్ని గడికి రెండు వైపులా ఉన్నాయి. బండి మాత్రం గడి దగ్గర ఆగడం ఎందుకు?

అందుచేత ఇక్కడున్న గ్రామ పంచాయితీ సభ్యులను, తాలూకా నాయకులను, గడికి అటువైపు నుంచి వచ్చిన సర్పంచులను నేను మూడు పనులు కోరుతున్నాను. వచ్చే గ్రామసభలోనే తీర్మానం చేయండి: అత్యవసర సేవ దేనికీ మా ఊళ్ళో ఐచ్ఛిక ఫీజు పద్ధతి ఒప్పుకోమని, తప్పనిసరి సెస్సుకు సిద్ధమని. 108, 112 అత్యవసర నంబర్ల బండ్లు, అగ్నిమాపక వాహనాలు గడికి ఏ వైపున ఉన్నా దగ్గరిదే కదిలేలా కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు ఒప్పందం చేసుకోవాలని రెండు వైపుల నుంచీ ఒకే రోజు అర్జీ పెట్టండి. బండి తోలేవాళ్ళకు, అందులో వచ్చే నర్సులకు, మంట ముందు నిలబడేవాళ్ళకు ప్రతి నెలా మొదటి తేదీన జీతం అందేదాకా వాళ్ళ పక్షాన మీరే అడగండి. ఆ అర్జీల మీద మొదటి సంతకం పెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను. రెండో సంతకం మీది కావాలి.